పడవవ్వ అనని మాట

బుధవారం టీకాల రోజు. ఆ రోజు రూత్‌ను అనవసరంగా పలకరించకూడదని నందవరం చుట్టుపక్కల పల్లెల్లో అందరికీ తెలుసు. ఏఎన్‌ఎంగా చేరి పన్నెండేళ్లయింది. పిల్లకు సూది వేయడం ఆమెకు నిమిషం పని. వేసిన సంగతి ఫోన్‌లోకి ఎక్కించడమే గండం. ఆ రోజు కూడా పంతొమ్మిదో పేరు ఎక్కిస్తుండగా తెర తెల్లబోయి, మళ్లీ మొదటికి వచ్చింది. ఆరోగ్య ఉపకేంద్రం వరండా నిండా తల్లులు, చంకల్లో ఏడ్చే పిల్లలు. సరిగ్గా అప్పుడే ఆంజనేయులు గుమ్మం దగ్గర చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు.

ఆంజనేయులు బస్సు కండక్టరు. ఉండేది ఆదోనిలో. రూత్ కూడా ఆదోని పిల్లే, పెళ్లయ్యాక ఎమ్మిగనూరుకు మారింది. ఇద్దరూ ఒకే సందులో పెరిగారు. సెలవు రోజున రెండు బస్సులు మారి ఇంత దూరం వచ్చాడంటే ఎవరికో ఏదో అయిందని రూత్ గాభరాగా లేచి నిలబడింది. ఎవరికీ ఏమీ కాలేదు. అతను వచ్చింది చిన్నప్పటి వీడియోగేమ్ గురించి.

"నువ్వు ఒక్క మాట సెప్పు సాలు, ఫోన్‌లో రికార్డు చేసుకుంటా," అన్నాడు. "ఆటలో పడవవ్వ ఆ మాట అనింది నిజమేనని సెప్పు. ఈ రంపు ఇంతటితో తెగిపోతాది."

రూత్ అతని వంక చూసింది, చేతిలోని సూది వంక చూసింది, బెంచీ మీద కూర్చోమంది. అతను తల్లుల మధ్య సర్దుకుని రెండు గంటలు కూర్చున్నాడు. కూర్చుని ఊరుకోలేదు. పక్కనున్న ఆవిడకు ఆ ఆట కథంతా మొదటినుంచీ చెప్పాడు. రూత్‌కు ప్రతి మాటా వినిపిస్తూనే ఉంది.

ఇరవై రెండేళ్ల కిందట అదే సందులో ఉండే సాజిద్ వాళ్ల నాన్న కువైట్ నుంచి వస్తూ ఆ ఆటపెట్టె తెచ్చాడు. దాంతోపాటు వచ్చిన డిస్కుల్లో ఒక్కటే ఆడింది. 'క్రౌన్స్ ఆఫ్ ది రివర్' అని దాని పేరు. పిల్లలు ఏటి ఆట అనేవారు. కాల్చుకోవడం, కార్లు తోలడం అందులో లేవు. ఒక కుర్రాడు ఏటి ఒడ్డున ఊరూరూ తిరుగుతాడు. కనిపించినవాళ్లతో మాట్లాడతాడు, వాళ్లు చెప్పిన పనులు చేసిపెడతాడు, దెయ్యాలతో కొట్లాడి బలం పెంచుకుంటాడు. ఎవరేం మాట్లాడినా తెర కింద ఇంగ్లీషులో అక్షరాలు వస్తాయి. ఆ అక్షరాలు అర్థం కాకపోతే ఎటు పోవాలో తెలియదు. సాజిద్‌ది ఉర్దూ బడి, ఆంజనేయులుది తెలుగు బడి. వీధి మొత్తానికి ఇంగ్లీషు మీడియంలో చదివేది రూత్ ఒక్కతే. అందుకని ఆమెను పిలుచుకొచ్చి చాప మీద మధ్యలో కూర్చోబెట్టారు. రెండేళ్లపాటు ఆమె చదివి తెలుగులో చెప్పేది, వాళ్లిద్దరూ ఆడేవారు.

ఆ రెండేళ్లను ఆంజనేయులు మరిచిపోలేదు. పోయిన ఏడాది ఆ ఆట కథను పదకొండు వీడియోలు చేసి యూట్యూబ్‌లో పెట్టాడు. డ్యూటీ లేని రోజున డాబా ఎక్కి, నీళ్ల ట్యాంకుకు ఫోను ఆనించి, ఒక్కో ఊరి కథా చెప్పేవాడు. బాగానే చెప్పేవాడు, వేలమంది చూశారు. అంతలో ఆ కంపెనీవాళ్లు పాత ఆటనే ఫోన్లలో ఆడుకునేలా మళ్లీ విడుదల చేశారు. ఆంజనేయులు చిన్నపిల్లాడిలా సంబరపడ్డాడు. నెల తిరక్కుండానే వీడియోల కింద రాతలు మొదలయ్యాయి. అన్నా, నువ్వు చెప్పే కథ ఇందులో లేదు. అన్నా, ఆ ముసలామె అట్లా అనదు. అన్నా, నువ్వు ఏ ఆట ఆడావు?

కంపెనీవాళ్లే కథ మార్చి పాడుచేశారని ఆంజనేయులు ఒక్కొక్కరికీ జవాబు రాశాడు. అంతటితో ఆగకుండా కంపెనీకే ఉత్తరం రాశాడు. అక్షరం కూడా మార్చలేదని వాళ్లు రెండు ముక్కల్లో జవాబిచ్చారు. అది కూడా అబద్ధమేనని అతని నమ్మకం. ఇక మిగిలిన సాక్షి రూత్ ఒక్కతే.

అన్నిటికంటే అతను పట్టుబట్టింది పడవవ్వ దగ్గర. ఆటలో ఏరు దాటించే ముసలామెకు పిల్లలు పెట్టిన పేరు అది. ఆట మొదలైన ఏడాదే ఆంజనేయులు తల్లి జ్వరమొచ్చి పోయింది. దినాలు కాకముందే అతను సాజిద్ ఇంటికి వచ్చి చాప మీద కూర్చున్నాడు. నాలుగో రోజు సాయంత్రం పడవవ్వ ఒక మాట అంది. 'అన్నం తిని పో నాయినా. ఏడ్సేది యాడికీ పోదు, తిన్యాక ఏడ్సొచ్చు.' ఆంజనేయులు వీడియోలో ఈ మాట చెప్పేటప్పుడు మధ్యలో ఆపి ముఖం తుడుచుకున్నాడు. దాని కిందే ఎవరో నవ్వుతున్న బొమ్మలు పెట్టి, ఆ ముసలామె అలా అననే అనదని రాశారు.

మధ్యాహ్నం రెండింటికి చివరి తల్లి వెళ్లిపోయింది. రూత్ ఇంకా అన్నం తినలేదు. ఫోన్ ఇంకా పేర్లు మింగుతూనే ఉంది. ఆంజనేయులు తన ఫోను ఆమె ముఖానికి ఎదురుగా పట్టుకున్నాడు. నిజమేనని ఒక్క మాట అనేసి పంపించేద్దామని ఆమెకు అనిపించింది. కానీ పొద్దుటినుంచీ విసిగి ఉంది, నోరు మరోలా తిరిగింది.

"అది దించు ముందు," అంది. "ఆ అవ్వ అట్ల అనలేదు. నేనన్నాను."

"అంటే?"

"నాకు అప్పుడు ఇంగ్లీషు యాడ వచ్చేది? నాలుగు మాటల్లో ఒకటి తెలిసేది. మిగిలింది నేనే కల్పించి సెప్పినాను."

ఆంజనేయులుకు వెంటనే ఎక్కలేదు. ఒక్కొక్కటీ అడగడం మొదలుపెట్టాడు. కమ్మరాయన కొడుకు జైల్లో ఉండేది? కల్పించిందే. రాజు తమ్ముడు గుడ్డివాడయ్యేది? అదీ అంతే. అడవిలో తెల్ల గుర్రం?

"గుర్రమే లేదు," అంది రూత్.

"నెల దినాలు ఎతికినాము ఆ గుర్రం కోసరం."

"ఎతికినారు. ఏదో తప్పు సెప్పినానని నాకు రెండో దినమే తెలిసింది. ఎట్ల సెప్పేది?"

అర్థం కాలేదని చెబితే వాళ్లు ఇంకెవరినైనా పిలుచుకొస్తారని ఆమెకు భయంగా ఉండేది. తల్లి ఉచ్చీరమ్మ పత్తి జిన్నింగు మిల్లు నుంచి వచ్చేసరికి చీకటి పడేది. అంతదాకా తాళం వేసిన ఇంటి మెట్ల మీద ఒక్కతే కూర్చోవాలి. సాజిద్ ఇంట్లో దీపం ఉండేది, మనుషులుండేవారు, చాప మీద చోటుండేది. ఇదంతా ఆంజనేయులుకు చెప్పే ఓపిక ఆమెకు ఆ పూట లేకపోయింది.

అతను ఇంకొక్కటే అడిగాడు.

"ఆ మాట గూడానా?"

"ఆ మాట గూడ."

అతను ఫోను జేబులో వేసుకుని, పోయొస్తానని కూడా అనకుండా చెప్పులు తొడుక్కున్నాడు. రూత్ డబ్బా తెరిచింది. రెండు ముద్దలు తిని మూసేసింది. అబద్ధమాడినందుకు చిన్నప్పుడు పడని బాధ నిజం చెప్పినందుకు ఇప్పుడు పడాల్సి వచ్చిందేమిటని తన మీద తనకే చిరాకు పుట్టింది.

పది రోజుల తర్వాత సాజిద్ ఫోన్ చేశాడు. ఆదోనిలో అతనిది ఫోన్లు బాగుచేసే దుకాణం. ఆంజనేయులు వీడియోలన్నీ తీసేస్తానంటున్నాడనీ, దుకాణానికి రావడం మానేశాడనీ చెప్పాడు. రూత్‌కు ఒళ్లు మండింది. ముప్పై ఆరేళ్ల మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి, ఆట కోసం మూతి ముడుచుకుంటే తనేం చేయాలని అడిగింది.

"ఆట కోసరం గాదు రూతూ," అన్నాడు సాజిద్. "ఆ మాట వాడు ఎంతమందికి సెప్పినాడో నీకు తెల్దు."

సాజిద్ చెప్పిన సంగతి ఇది. రెండేళ్ల కిందట మంత్రాలయం బస్సులో ఒక ఆడపిల్ల కిటికీకి తల ఆనించి ఏడుస్తూ వచ్చింది. తండ్రి పోయాడని కబురొచ్చి ఊరికి పోతోంది. ఆంజనేయులు బస్సు ఆగిన చోట ఇడ్లీ కట్టించుకొచ్చి ఆ పిల్ల చేతిలో పెట్టి, పడవవ్వ మాటే చెప్పాడు. ఎవరన్నారన్నా ఆ మాట అని ఆ పిల్ల అడిగితే, మా అవ్వ అని చెప్పాడు.

ఆదివారం చర్చి అయ్యాక వస్తానని మాత్రం చెప్పి రూత్ ఫోను పెట్టేసింది. వారానికి ఒక్క సెలవు, అది కూడా ఈ ముచ్చటకేనా అని భర్త యేసేపు సణిగాడు. ఆమె కూడా సణుక్కుంటూనే ఆదోని బస్సెక్కింది.

సాజిద్ ఇల్లు అదే సందులో ఉంది. అతని తల్లి షాహిదాబీ, చిన్నప్పటినుంచీ వాళ్లందరికీ ఖాలా, మోకాళ్ల నొప్పులతో మంచం దిగడం తక్కువ. ముగ్గురినీ చూసి కళ్లు తుడుచుకుని, కోడలిని పిలిచి చాప పరిపించింది. సాజిద్ తన ఫోన్‌ను టీవీకి కలిపి, పడవ రేవుదాకా తనే ఆడి సిద్ధంగా ఉంచాడు. సాజిద్ లాక్కొచ్చిన ఆంజనేయులు గోడకు ఆనుకుని, టీవీ వైపు కాకుండా గుమ్మం వైపు తిరిగి కూర్చున్నాడు.

తెర మీద ముసలామె వచ్చింది. కింద అక్షరాలు పడ్డాయి. రూత్ ఈసారి ఉన్నదున్నట్టు చదివి చెప్పింది.

"టిక్కెట్టు లేనోళ్లను ఎక్కించుకోనంటాది. రాజుగారి ముద్ర వేసిన చీటీ తెచ్చుకోమంటాది."

"ఇంగ?"

"ఇంగేం లేదు. అంతే."

సాజిద్ నవ్వు ఆపుకోలేకపోయాడు. ఆమె కూడా కండక్టరేనన్నాడు. ఆంజనేయులు నవ్వలేదు. రూత్ వైపు తిరిగాడు.

"మల్ల నువ్వు యాడనుంచి తెస్తివి ఆ మాట?"

రూత్‌కు ఓపిక అయిపోయింది.

"యాడనుంచో ఏంది? నాలుగు దినాలు నువ్వు ముద్ద ముట్టలేదు. ఖాలా పొద్దునా మాపూ ప్లేటు పెట్టేది, నువ్వు ఈగలకు ఇడిసిపెట్టేటోనివి. మేము సెప్తే ఇంటివా? ఖాలా సెప్తే ఇంటివా? ఆ టీవీలో ముసిల్ది సెప్తే ఇంటావని దాంతో సెప్పించినాను. నీతో యేగలేక సెప్పినాను."

మంచం మీద నుంచి షాహిదాబీ నెమ్మదిగా అందుకుంది. ఆ రోజు సంగతి తనకు బాగా గుర్తుందట. ఈ పిల్లాడు తనంతట తానే లేచి వంటింట్లోకి వచ్చి, మూడు రొట్టెలు అడిగి తిని, నాలుగోది చేతిలో పట్టుకుని ఏడ్చాడట. ఉన్నట్టుండి ఎందుకు తిన్నాడో తనకు ఇన్నేళ్లూ తెలియదంది.

ఆంజనేయులు మోకాళ్ల మీద గడ్డం ఆనించుకున్నాడు.

"అయితే అది నాకే సెప్పినావు," అన్నాడు చివరికి. "ఆటలో పిల్లోనికి గాదు."

"నీకే."

"టీకాల పొద్దు అట్ల సెప్పొచ్చు గదా."

"ఆ పొద్దు నాకు ఓపిక యాడుండె? ఇడిసిపెట్టు ఇంగ," అని రూత్ టీవీ వైపు తిరిగింది. ఆమె కళ్లలో నీళ్లు ఉన్నాయి. అవి ఎవరికీ చూపించే ఉద్దేశం ఆమెకు లేదు.

వీడియోలు తీసేయలేదు. పన్నెండో వీడియోలో ఆంజనేయులు ఉన్నది చెప్పేశాడు. ఇది కంపెనీ రాసిన కథ కాదనీ, తన స్నేహితురాలు పదమూడేళ్ల వయసులో చెప్పిన కథ అనీ, కంపెనీవాళ్లను అన్న మాటలు వెనక్కి తీసుకుంటున్నాననీ అన్నాడు. కొందరు తిట్టారు. కొందరు తెల్ల గుర్రం చివరికి దొరికిందా అని అడిగారు. ఆమెను వీడియోలోకి తీసుకురమ్మని మరికొందరు రాశారు. ఆంజనేయులు ఆ సంగతి రూత్‌కు చెబితే, తన పేరు బయటపెడితే డిపో మేనేజరుకు చెప్తానని బెదిరించింది.

అయినా ఆదివారాలు ఆమె వస్తూనే ఉంది. చిన్నప్పుడు కరెంటు పోయి, పెట్టె పాడై ఆట ఎన్నడూ చివరిదాకా పోలేదు. ఇప్పుడైనా ముగించాలని ఆంజనేయులు పట్టు. రూత్ ఒక్క మాట కూడా కలపకుండా చదివేది. ప్రతి ఊరి చివరా అతను ఇంతేనా అని అడిగేవాడు. ఇంతేనని ఆమె పళ్లు కొరికేది. కమ్మరాయనకు కొడుకే లేడు. రాజుకు తమ్ముడు లేడు. ఏ ఊళ్లో ఎవరిని కలిసినా చీటీ, ముద్ర, కిరీటం.

మూడో ఆదివారం కోటలో మంత్రి మాట్లాడటం మొదలుపెట్టాడు. పేజీ తర్వాత పేజీ వస్తోంది. రూత్ సగం చదివి మిగతాది ముక్తసరిగా చెప్పింది. ఆంజనేయులు ఒప్పుకోలేదు. అన్ని అక్షరాలకు రెండే మాటలా అన్నాడు.

"నువ్వు ఇంగ సెప్పొద్దు," అన్నాడు. "నేనే సదువుతా."

లేచి టీవీ దగ్గరకు పోయి, తెర మీద వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కోవడం మొదలుపెట్టాడు. అతనికి ఉన్న ఇంగ్లీషు బస్సు బోర్డుల మీద, డ్యూటీ కాగితాల మీద నేర్చుకున్నది. ఒక్క పేజీకి పావుగంట పట్టింది. సాజిద్ చాప మీద పడుకుని కళ్లు మూసుకున్నాడు. షాహిదాబీ టీ తాగి, నమాజు చదువుకుని, మళ్లీ మంచానికి చేరింది. రూత్ గోడ గడియారం వంక చూసింది. నాలుగున్నర బస్సు వెళ్లిపోయి ఉంటుంది.

మంత్రి రాజుకు ద్రోహం చేశాడని తెర మీద ఉంది, ఇంగ్లీషులో 'బిట్రేడ్' అని. ఆంజనేయులు ఆ మాటలో ఉన్న ట్రేని పట్టుకున్నాడు.

"ట్రేలో ఏదో పెట్టి ఇచ్చినాడు రాజుకు," అన్నాడు నమ్మకంగా.

రూత్ నోరు తెరిచింది. అతను వెనక్కి తిరగకుండానే చెయ్యి అడ్డం పెట్టాడు.

ఆమె బయటికి వెళ్లి, తర్వాతి బస్సుకు వస్తానని యేసేపుకు ఫోన్ చేసి చెప్పింది. ఇంకా ఏం చేస్తున్నారని అతను అడిగితే, ఏమో తెలియదంది. తిరిగొచ్చి చాప మీద కూర్చుంది. ట్రేలో ఏముందో చూద్దామని ఆంజనేయులు తర్వాతి పేజీ తెరిచాడు.