సరస్సు వైపు గది

గడియారాలు బాగుచేసే ఆయన్ని వీధిలో అందరూ సర్దుబాటుగారనే పిలుస్తారు. మొహం మీదే పిలుస్తారు. ఆయన దానికీ సర్దుకుపోయాడు. దర్జీ చొక్కా చేతులు పొట్టిగా కుట్టిస్తే మడిచి తొడుక్కుంటాడు. హోటల్లో అడిగింది ఒకటీ తెచ్చింది ఒకటీ అయితే, నేనూ ఇదే తినాలనుకుంటున్నానంటాడు. గడియారంలో వెంట్రుకవాసి తేడా వస్తే మాత్రం ఆయనకు నిద్ర పట్టదు. మనుషులు చేసే తేడాలు ఎందుకో ఆయన కంటికి ఆనవు. ఆనినా నోరు పెగలదు.

ఆయన భార్యకు ఆ ఇబ్బంది లేదు. ఆ ఇంట్లో ఇద్దరికీ సరిపడా నోరు ఆవిడే మోస్తోంది. అలాంటి ఆవిడ కూడా కాపురానికి వచ్చిన నాటి నుంచి ఒక్క విషయంలో ఓడిపోతూనే ఉంది. ముందు గదిలో గడియారాల కొట్టు, వెనక వంటిల్లు. వంటింటికి ఒకటే కిటికీ. అది తీస్తే పక్కవాళ్ళ గోదాము గోడ, చెయ్యి చాపితే అందుతుంది. కూరలు తరిగినా, గిన్నెలు కడిగినా, ఆయన మీద చిరాకుపడినా ఆ గోడను చూస్తూనే. దాని మీద ఏ పెచ్చు ఎప్పుడు ఊడిందో ఆవిడకు తెలుసు.

అందుకే ప్యాకేజీ టూరుకు వెళదామని ఆయన అన్నప్పుడు ఆవిడ అడిగింది ఒక్కటే. "కోటలూ మ్యూజియంలూ మీరు చూసుకోండి. నాకు కిటికీ తీస్తే నీళ్ళు కనబడే గది కావాలి. అందులో కూర్చుంటాను, అంతే."

ట్రావెల్స్ ఆఫీసులో బల్ల వెనక కూర్చున్న అమ్మాయి, సరస్సు వైపు గదేనని రాసిచ్చింది. నిబంధనలు చదివి వినిపించాలట, అవీ వినిపించింది. "మేం చెప్పినదాంట్లో ఏది తగ్గినా అక్కడికక్కడే మా మనిషికి చెప్పండి. మా ఖర్చుతోనే సరిచేస్తాం. చెయ్యకపోతే మీరే ఏర్పాటు చేసుకుని ఆ ఖర్చు మా దగ్గర రాబట్టుకోవచ్చు. కానీ చెప్పాలండీ. అక్కడ ఊరుకుని ఇంటికొచ్చాక అడిగితే మీ మాటకు అంత బలం ఉండదు."

ఆవిడ ఆ ముక్కలు అక్కడే కంఠతా పట్టేసింది. ఆయన మాత్రం, పాపం ఈ పిల్ల ఇంతసేపు చదివిందే అని జాలిపడి, కాసిని మంచినీళ్ళు తాగమ్మా అన్నాడు.

బస్సు ఆ ఊరు చేరేసరికి పొద్దు వాలుతోంది. సరస్సు పక్క నుంచే వెళ్ళింది. ఆవిడ కిటికీ అద్దానికి ముక్కు ఆనించి మరీ చూసింది. బస్సు అక్కడ ఆగలేదు. ఇంకా నాలుగు మలుపులు తిరిగి, ఒక ఇరుకు సందులో ఆగింది. టోపీ పెట్టుకున్న టూర్ మేనేజరు కిందికి దిగి, హోటల్ చివరి నిమిషంలో మారిందనీ, ఇదీ అంత మంచిదేననీ, సరస్సు ఎక్కడికీ పోదు, నడిచివెళ్ళి చూడొచ్చనీ చెప్పాడు. జనం ఒకరి మొహాలు ఒకరు చూసుకుని సామాన్లు దించుకున్నారు.

గదిలో అడుగు పెట్టగానే ఆవిడ పెట్టె కూడా కింద పెట్టకుండా వెళ్ళి కిటికీ తీసింది. ఎదురుగా గోడ. అదీ కొత్తగా రంగు వేసిన గోడ, కాలక్షేపానికి ఒక్క పెచ్చు కూడా లేదు.

"ఏమండీ, కిందికెళ్ళి ఆ మేనేజరుకి చెప్పండి."

"ఉండేది మూడు రోజులేగా..." ఆయన నీళ్ళు నమిలాడు.

"ఇన్నేళ్ళూ అన్నిచోట్లా నేనే అడిగాను. దర్జీనీ నేనే అడిగాను, పాలవాణ్ణీ నేనే అడిగాను. ఈ ఒక్కటీ నా కోసం మీరు అడగండి."

ఆయన వెళ్ళాడు. మేనేజరు మెట్ల మీద కూర్చుని ఫోన్లో ఎవరి చేతో చీవాట్లు తింటున్నాడు. ఫోను పెట్టేసి రెండు చేతులా తల పట్టుకున్నాడు. ఫిర్యాదు చెయ్యడానికి వెళ్ళిన మనిషి జేబులోంచి తలనొప్పి మందు తీసి, కణతలకు రాసుకోమని ఇచ్చి, పైకి వచ్చేశాడు.

"చెప్పారా?"

"పాపం, అతనికి ఒకటే తలనొప్పి."

"ఇప్పుడు నాకూ వస్తోంది. ఆ మందు ఇటివ్వండి."

"అతనికిచ్చేశాను."

ఆవిడ మళ్ళీ పంపింది. ఈసారి ఇంకా ఘోరం. రిసెప్షన్ గోడ మీది గడియారం వెనకబడి నడుస్తోంది. ఆయన దాన్ని చూశాడు. చూడకూడదనుకుని, మళ్ళీ చూశాడు. చాలాసేపటికి పైకి వచ్చేసరికి వేళ్ళకు నూనె మరకలు, చేతిలో బిస్కెట్ ప్యాకెట్టు. హోటల్ వాళ్ళు సంతోషపడి ఇచ్చారట. గది సంగతి ఎత్తబోతుంటే మేనేజరు ఎదురొచ్చి, మీలాంటి మంచివాళ్ళు టూరుకొకరుంటే చాలు సార్ అన్నాడట. దాంతో దండం పెట్టి వచ్చేశాడట.

ఆవిడ తిట్టలేదు. "సరే, పడుకోండి," అని అటు తిరిగింది. ఆవిడ తిడితే ఆయనకు హాయి, తిట్టకపోతేనే భయం. బిస్కెట్ ప్యాకెట్టు విప్పకుండా బల్ల మీద పెట్టేశాడు.

పొద్దున ఆయన స్నానం చేసి వచ్చేసరికి ఆవిడ చెల్లెలితో ఫోన్లో మాట్లాడుతోంది. ఆయన వచ్చింది చూసుకోలేదు.

"చాలా బావుందే. ఆఁ, సరస్సు వైపు గదే. కిటికీ తీస్తే నీళ్ళే. మీ బావగారే అన్నీ దగ్గరుండి చూసుకుంటున్నారు. నాకేం లోటే?"

అంటున్నంతసేపూ ఆవిడ చూస్తున్నది గోడను.

ఆయన తువ్వాలుతో అక్కడే నిలబడిపోయాడు. ఎవరికీ తలొంచని మనిషి మొగుడి పరువు కోసం సర్దుకుపోతోంది. సర్దుకుపోయే మనిషి ఎలా ఉంటుందో ఎదుట నిలబడి చూడటం ఆయనకు ఇదే మొదలు. ముందు సిగ్గేసింది. ఆ తరవాత కోపం వచ్చింది. కోపం అలవాటు లేదు కనుక చొక్కా గుండీలు తప్పు పెట్టుకుని కిందికి దిగాడు.

బస్సు సిద్ధంగా ఉంది, పైన గదిలో ఉన్న ఆవిడ తప్ప అందరూ ఎక్కేశారు. ఆయన మాత్రం రిసెప్షన్ ముందున్న కుర్చీలో కూర్చున్నాడు.

"రండి సార్, మీదే ఆలస్యం," అన్నాడు మేనేజరు.

"నేను రాను. మాకు సరస్సు వైపు గది అన్నారు. అది ఇచ్చాకే లేస్తాను."

మేనేజరు హాస్యమనుకుని నవ్వాడు. ఆయన నవ్వలేదు.

"అందరూ సర్దుకున్నారు కదండీ. మీరంత మంచివారు..."

"నిన్నటిదాకా మంచివాణ్ణే," అన్నాడాయన.

"పోనీ, పడవ షికారు టికెట్లు రెండు ఉచితంగా ఇప్పిస్తాను."

"పడవలో సంసారం చెయ్యమంటారా? మాకు కిటికీ కావాలి."

"టైం చూడండి సార్, అప్పుడే ఎనిమిదైంది."

"ఆ గడియారానికి నేను పూచీ. వెనకబడింది మీ కంపెనీయే. అక్కడికక్కడే చెప్పమన్నారు, చెబుతున్నాను. మీరు మార్చకపోతే ఆ హోటల్లో గది నేనే తీసుకుంటాను, ఖర్చు మీది. మీ ఆఫీసులో అమ్మాయి చదివింది, నేను విన్నాను."

బస్సులోంచి ఒకాయన ఆలస్యమేమిటని దిగివచ్చాడు. సంగతి విని, "మాకూ సరస్సనే చెప్పారు," అంటూ పక్క కుర్చీలో చతికిలబడ్డాడు. ఆ వచ్చినాయన వెనకే ఆయన కుటుంబం, వాళ్ళ వెనకే మిగిలినవాళ్ళు. కుర్చీలు చాల్లేదు. తీరా చూస్తే, పక్కవాళ్ళు సర్దుకున్నారు కదా అని సర్దుకున్నవాళ్ళే అందరూ. ఆఖరికి డ్రైవరు కూడా ఇంజను ఆపి వచ్చి నిలబడ్డాడు. అతనికి అసలు గదే ఇవ్వలేదట.

మేనేజరు టోపీ తీసి, ఫోను పట్టుకుని మూలకు వెళ్ళాడు. మొదట కంపెనీవాళ్ళను బతిమాలాడు, తరవాత గట్టిగానే మాట్లాడాడు. అలా మాట్లాడటం అతనికీ కొత్తేమో, మధ్యమధ్య సర్దుబాటుగారి వంక చూసి ధైర్యం తెచ్చుకున్నాడు. సరస్సు ఒడ్డు హోటల్లో గదులు ఖాళీగానే ఉన్నాయి. చవగ్గా పోతుందని కంపెనీవాళ్ళే ఈ సందులోకి మార్చారు. మధ్యాహ్నానికల్లా సామాన్లన్నీ మళ్ళీ బస్సెక్కాయి.

కొత్త గదిలో ఆవిడ కిటికీ గడియ మీద చెయ్యి వేసి కాసేపు ఆగింది. ఆవిడ రెక్కలు తోసింది. ఎండలో నీళ్ళు తళతళలాడుతూ గది కప్పు దాకా వెలుగు చిమ్మాయి.

ఆవిడ తనివితీరా చూసింది. తరవాత ఆయన వైపు తిరిగి, "గుండీలు తప్పు పెట్టుకుని వెళ్ళారా అంతమంది ముందుకి," అని, ఒక్కొక్కటే విప్పి సరిగ్గా పెట్టింది. కళ్ళు తుడుచుకుని చెల్లెలికి ఫోను చేసింది.

"ఏమే, కిటికీ తీస్తే నీళ్ళేనే."

"పొద్దున్నే చెప్పావుగా అక్కా. మళ్ళీ అదే చెబుతావేంటి?"

"పొద్దున చెప్పాను," అందావిడ. "ఇప్పుడు చూస్తున్నాను."