మూడు పిలుపులు

పదిన్నర కావడానికి ఇంకా పది నిమిషాలుంది. బంట్రోతమ్మ కోర్టు హాలు తలుపు పక్కన గోడకానుకుని గోరువెచ్చటి నీళ్ళు గుక్కగుక్కగా తాగుతోంది. ముప్ఫై నాలుగేళ్ళుగా ఇదే అలవాటు. ఆమె పని పిలవడం. లోపల గుమాస్తా కేసు నంబరు చదవగానే నడవాలోకి వచ్చి, ఆ కేసు తాలూకు మనిషి పేరు, తండ్రి పేరు కలిపి, మెట్ల చివరిదాకా వినపడేలా మూడుసార్లు అరవాలి. మూడో పిలుపుకీ రాకపోతే ఆ మనిషి రానట్టే లెక్క. ఆమె చూడ్డానికి బక్కపలచన. నెరిసిన జుట్టు చిన్న ముడి. ఎడమ కాలు కాస్త ఈడుస్తుంది. గొంతు మాత్రం ఏ వస్తాదు దగ్గరో అరువు తెచ్చుకున్నట్టుంటుంది. ఆమె పిలిస్తే ఎదురు వీధిలో టైపు కొట్టేవాళ్ళు కూడా ఆగిపోతారని గుమాస్తా ఏడిపిస్తూంటాడు.

ఇవాళ సాయంత్రం ఐదింటికి ఆమె రిటైరవుతోంది. అందుకు ఆమెకు పెద్ద దిగులేమీ లేదు. దిగులంతా జడ్జిగారి బల్ల మీదున్న కాగితం గురించే. అది ఆమె పెట్టుకున్న పన్నెండో దరఖాస్తు. అత్యాచారం కేసుల్లో ఆడపిల్లల పేర్లు నడవాలో అరవకూడదు, దగ్గరికి వెళ్ళి పిలవాలి అని ఉత్తర్వు ఇమ్మని అడిగింది. మొదటి పదకొండూ బుట్టదాఖలయ్యాయి. నెల కిందట వచ్చిన కొత్త జడ్జిగారు, ఆవిడ మాత్రం చదివి, "ఆలోచిద్దాం" అన్నారు. ఇవాళ సంతకం పడకపోతే ఇక అడిగేవాళ్ళుండరు.

రేపట్నుంచి ఆమె చోటికి వస్తున్నది రికార్డు గదిలో పనిచేసే మనిషి. నలభై దాటినవాడు, మంచివాడే. గొంతు పెద్దదని అందరూ ‘మైకు’ అంటారు. ఆ పేరంటే అతనికి గర్వం కూడా. పని నేర్చుకోవాలని పొద్దున్నే వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు.

"ఈ నంబరు నువ్వు పిలవకు. నేనే వెళ్ళి తీసుకొస్తా," అని జాబితాలో పదకొండో కేసు మీద వేలు పెట్టి చూపించింది.

"ఎందుకక్కా?"

"ఆడపిల్ల కేసు."

"అలాగని రూలేమన్నా ఉందా?"

రూలు లేదు. ముప్ఫై మూడేళ్ళుగా ఆమె ఒక్కతే అలా చేస్తోంది. అందుకు రెండు మెమోలు కూడా తీసుకుంది.

ఈ నడవాలో ఆమె పేరు కూడా ఒకప్పుడు మోగింది. అప్పటికి పదిహేనేళ్ళు. లెక్కలు చెప్పే ట్యూషన్ మాస్టారు ఆమెను పాడుచేశాడు. ఆయన ఎదుటి బెంచీ మీద కాలు మీద కాలేసుకుని కూర్చుంటే, ఆమె ఇటు బెంచీ మీద అమ్మ చెయ్యి పట్టుకుని కూర్చుంది. బంట్రోతు ఆమె పేరూ నాన్న పేరూ మూడుసార్లు అరిచాడు. తలలన్నీ తిరిగాయి. అందులో వాళ్ళ వీధి పాలవాడి తల కూడా ఉంది. సాయంత్రానికి వీధంతా గుప్పుమంది. లోపల వకీలు అడిగిన ప్రశ్నల్లో చాలావాటిని ఆమె మరిచిపోయింది కానీ ఆ మూడు కేకలు మరిచిపోలేదు. సాక్ష్యం చాలదని మాస్టారిని వదిలేశారు.

ఎనిమిదేళ్ళ తర్వాత ఇదే కోర్టులో ఉద్యోగం వచ్చినప్పుడు, "నీకింకెక్కడా దొరకలేదుటే?" అని అమ్మ ఏడ్చింది. ఆమె చేరింది. చేరిన ఏడాదే ఒక పొరపాటు చేసింది. అది ఆమెకు తప్ప ఎవరికీ పొరపాటులా కనపడలేదు. పని హడావుడిలో అది ఏం కేసో చూసుకోకుండా ఒకమ్మాయి పేరు గొంతెత్తి మూడుసార్లు పిలిచింది. రెండు జడల పిల్ల. లేచి, హాల్లోకి రాకుండా మెట్ల వైపు నడిచి వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. కేసు కొట్టేశారు. గొంతు బాగుందని ఆ రోజే అప్పటి జడ్జి మెచ్చుకున్నాడు. ఆ మెప్పు తలుచుకుంటే ఆమెకు ఇప్పటికీ తల కొట్టేసినట్టవుతుంది. మర్నాడే మొదటి దరఖాస్తు రాసింది.

తొమ్మిది, పది కేసులు వాయిదా పడటంతో పదకొండోది అనుకున్నదానికంటే ముందే వచ్చింది. బంట్రోతమ్మ ఫైళ్ళ కట్ట కోసం వెనక గదిలోకి వెళ్ళింది. గుమాస్తా నంబరు చదివాడు. మైకు ఉత్సాహంగా బయటికి నడిచాడు. పొద్దున ఆమె చెప్పిన మాట అతనికి గుర్తే లేదు.

మొదటి కేక గోడలు దాటి వచ్చింది. కట్ట అక్కడే పడేసి పరుగెత్తుకొచ్చి, రెండో పిలుపు సగంలో ఉండగా అతని మోచెయ్యి పట్టుకుంది. అప్పటికే నడవాలో తలలన్నీ తిరిగాయి. బెంచీ మీద ఒక తల్లి ఒక్కతే కూర్చుని ఉంది. కూతురు మెట్లు దిగిపోతోంది.

బంట్రోతమ్మ కాలీడ్చుకుంటూ వెళ్ళి మలుపు దగ్గర అందుకుంది. బడి బూట్లు వేసుకున్న పిల్ల.

"నేను రాను," అంది.

"సరేలేమ్మా. నాకు కాలునొప్పి, కాసేపు కూర్చుంటా. నువ్వూ కూర్చో."

ఇద్దరూ మెట్టు మీద కూర్చున్నారు.

"నన్నూ ఇక్కడే పిలిచారు. నాకప్పుడు పదిహేనేళ్ళు," అంది బంట్రోతమ్మ. ఈ భవనంలో ఆ మాట ఆమె ఎవరితోనూ అనలేదు.

పిల్ల తిరిగి చూసింది. "లోపలికెళ్ళారా?"

"వెళ్ళాను."

"గెలిచారా?"

"లేదు. కానీ వాడు చేసింది వాడి ముందే చెప్పాను. దానికి మాత్రం ఇప్పటికీ సంతోషమే. నువ్వు వెళ్ళిపోతానంటే నేనాపను. వస్తానంటే పక్కనే నడుస్తా."

పిల్ల బూటు తాడు విప్పి, మళ్ళీ గట్టిగా కట్టుకుంది. లేచి నిలబడింది.

"సాక్షి రావడానికి ఇంతసేపెందుకయింది?" అని జడ్జిగారు అడిగారు. బంట్రోతమ్మ ముందుకు వచ్చింది.

"పిలిచినందుకే వెళ్ళిపోబోయిందమ్మా. నేను కూడా ఇలాగే అరిచి ఒక పిల్లని పోగొట్టాను. అంతకుముందు నన్నూ ఇలాగే పిలిచారు, ఇలాంటి కేసులోనే."

ఇరవై ఏళ్ళుగా ఆమెతో కలిసి టీ తాగుతున్న గుమాస్తా కలం కింద పెట్టేశాడు.

"ఈ సంగతి మీ దరఖాస్తులో లేదే?" అన్నారు జడ్జిగారు.

"పన్నెండుసార్లూ రాయబోయానమ్మా. చెయ్యి రాలేదు."

జడ్జిగారు సాక్ష్యం మొదలుపెట్టమన్నారు. పిల్ల గంటసేపు చెప్పింది. మధ్యలో రెండుసార్లు ఆగింది. రెండుసార్లూ మళ్ళీ అందుకుంది.

నాలుగున్నరకి అందరూ చేరి బంట్రోతమ్మకి ఒక ఫ్లాస్కు ఇచ్చారు. "రేపట్నుంచి ఎవర్ని పిలుస్తావక్కా?" అన్నాడు గుమాస్తా. మామూలుగా ఏడిపించబోయాడు కానీ ఫ్లాస్కు మూతే తిప్పుతూ ఉండిపోయాడు.

"ఇంట్లో పిల్లి ఉందిగా. అదీ పిలిస్తే రాదు."

ఐదు కావస్తుండగా జడ్జిగారి గది నుంచి ఉత్తర్వు కాగితం వచ్చింది. గుమాస్తా తెచ్చి ఆమె చేతిలోనే పెట్టాడు. ఆమె నిలబడే చదివింది, చివర సంతకం రెండుసార్లు చూసింది. పైట చెంగుతో కళ్ళు తుడుచుకుంది. చాలా సంతోషంగా ఉంది, ఆ రెండు జడల పిల్ల గుర్తొచ్చి చాలా కష్టంగానూ ఉంది. జిగురు అడిగి, బయటికి వెళ్ళేముందు బంట్రోతు చెయ్యి వేసే చోట, తలుపు లోపలివైపు తనే అంటించింది. అందరికీ వెళ్ళొస్తానని చెప్పి మెట్లు దిగింది.

గేటు దాకా వెళ్ళాక వెనక ఎవరో ఆయాసపడుతూ వచ్చారు. మైకు. చేతిలో ఆమె మరిచిపోయిన ఫ్లాస్కు.

"పైనుంచి ఒక్క కేక వేస్తే సరిపోయేదిగా?"

"దగ్గరికొచ్చి పిలవడం నేర్చుకుంటున్నానక్కా," అన్నాడు తల దించుకుని.

ఆమె నవ్వి, ఫ్లాస్కు చంకలో పెట్టుకుని జనంలో కలిసిపోయింది. పైన హాలు ఖాళీ అయింది. తలుపు మీద కాగితం ఇంకా తడిగానే ఉంది. అందులో గుమాస్తా అలవాటు కొద్దీ ‘మూడుసార్లు పిలవవలెను’ అని టైపు కొట్టిన చోట జడ్జిగారు పచ్చసిరాతో కొట్టేసి, పక్కన ‘ఒక్కసారి, మెల్లగా’ అని రాశారు.