ఎదుగుదలకి మడత

మా నాన్న టైలరు. ఊళ్ళో అందరి బట్టలూ ఒంటికి అతికినట్టు కుట్టేవాడు, నావి తప్ప. నా గౌన్లన్నిటికీ అడుగున జానెడు మడత ఉండేది. "ఎదిగే పిల్ల, వచ్చే ఏడాది విప్పుదాం" అనేవాడు. విప్పేనాటికి గౌను వెలిసిపోయేది. మడతలో దాగిన బట్ట మాత్రం కొత్తగా మెరిసేది, మధ్యలో గీత గీసినట్టు. బళ్ళో నన్ను రెండు రంగుల పిట్ట అనేవాళ్ళు.

ఇంత తెలిసీ, నా ఐదేళ్ళ కూతురు పెరట్లో ఎక్కి ఆడుకోవడానికి ఇనుప చట్రం కొనబోతూ బుద్ధి గడ్డి తిని పిల్లతోపాటు నాన్ననీ వెంటబెట్టుకెళ్ళాను. వెల్డింగు షాపులో నేను పొట్టి చట్రం ఎంచాను. నాన్న మెళ్ళో టేపు తీసి మనవరాలిని నిలువునా కొలిచి, అన్నిటికన్నా పొడుగుదాని దగ్గర ఆగాడు.

"మేస్త్రీ, ఇది ఎన్నేళ్ళొచ్చేదాకా పనికొస్తుంది?"

"పన్నెండేళ్ళదాకా ఢోకా లేదండీ."

"మరి ఐదేళ్ళకో?" అన్నాను. మేస్త్రీకి ఉన్నట్టుండి దగ్గొచ్చింది.

చట్రం పెరట్లోకొచ్చింది. మొదటి కమ్మీయే పిల్ల తలకి మూరెడు పైన. అది ఎగిరింది, దిండ్లు తెచ్చి పేర్చింది, చివరికి కింద చతికిలబడింది.

"తాతా, నేనెప్పుడు ఎదుగుతాను?"

"ఎంతమ్మా, రెండేళ్ళల్లో."

నాకు ఒళ్ళు మండిపోయింది. "దానికి ఇవాళ ఆడుకోవాలనుంది నాన్నా! నాకు అన్నీ వచ్చే ఏడాదికే కుట్టావు. బళ్ళో నన్ను రెండు రంగుల పిట్ట అనేవాళ్ళు, తెలుసా నీకు?"

ఆయనకి తెలియదు. నేనెప్పుడూ చెప్పలేదు. టేపు చుట్టుకుంటూ లోపలికి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్నే మేస్త్రీ ఇద్దరు మనుషులతో, గడ్డపారతో దిగాడు. నాన్న చట్రం కాళ్ళ మీద సుద్దతో గుర్తులు పెట్టాడు.

"ఇక్కడిదాకా లోపలికి మడిచెయ్యి."

"మడవడమేంటండీ బాబూ, ఇనుమది!"

"అదేనయ్యా, పాతెయ్యి. పిల్ల ఎదిగాక పైకి లాగుదాం."

రెండు మూరలు మట్టిలోకి పోయాయి. కమ్మీ పిల్ల నడుం దగ్గరికొచ్చింది. అది ఒక్క ఉదుటున పైకెక్కి కూర్చుంది, అన్నానికి పిలిచినా దిగనంది.

"మళ్ళీ మడతేనా నాన్నా?" అన్నాను, నవ్వు ఆపుకోలేక.

నాన్న నవ్వలేదు. చేతికంటిన సుద్ద దులుపుకుంటూ నా మొహంలోకి చూశాడు.

"విప్పిన రోజు పైనుంచి కిందదాకా కొత్త రంగు నేనే వేస్తానమ్మా. ఈసారి గీత కనపడదు."