ఎడమ మడమ

రాగిణి పొద్దంతా చూసేది ముఖాలే. నారాయణగూడలో కళ్ళద్దాల దుకాణంలో పని. ఎవరి ముక్కుకు ఏ ఫ్రేము నిలుస్తుందో, ఎవరి చెవి ఒకటి పైకి ఉందో చూపుతోనే కొలుస్తుంది. రెండేళ్ళ కింద వచ్చినవాళ్ళు మళ్ళీ గడప తొక్కితే పేరు పెట్టి పిలుస్తుంది. అలాంటి రాగిణికి ఏడు రోజులు కలిసి నడిచిన మనిషి ముఖం మాత్రం గుర్తు లేదు.

నిరుడు శివరాత్రికి చిక్కడపల్లి నుంచి శ్రీశైలం నడిచిన గుంపులో తనూ ఉంది. అమ్మ పోయి అప్పటికి మూడు నెలలు. నడుద్దామనుకుంది, అంతే. కొత్త బూట్లు కొనుక్కుని బయలుదేరింది. రెండో రోజు కడ్తాల్ దాటేసరికి పాదాల నిండా బొబ్బలు. బడి వరండాలో కూలబడి ఉంటే చీకట్లో ఒకామె వచ్చి కాళ్ళ దగ్గర కూర్చుంది. టార్చి వెలుగు పాదాల మీదే పెట్టి, సూదిలో దారం ఎక్కించి బొబ్బలో ఈ పక్క నుంచి ఆ పక్కకు తీసింది.

“దారం గుంజకు మాతా. నీళ్ళు దానెంబడే కారిపోతయి” అని, ఆముదం రాసి గుడ్డ చుట్టింది. తన సంచిలోని రబ్బరు చెప్పులు ఇచ్చింది. అవి రాగిణికి ఒక సైజు పెద్దవి. అడుగు వేసినప్పుడల్లా కుడి చెప్పు నేలను రాసుకుంటూ వచ్చేది.

నడకలో ఆడవాళ్ళంతా మాతలే, మగవాళ్ళంతా స్వాములే. పేర్లు ఎవరూ అడగరు. లారీల భయానికి రోడ్డు అంచున ఒకరి వెనక ఒకరు. తెల్లారకముందే నడక మొదలు, ఎండెక్కితే అందరి ముఖాల మీదా కొంగులే. రాగిణి టార్చి వెలుగులో ఎప్పుడూ ఒకటే కనిపించేది: చెప్పులిచ్చి ముందు నడిచే ఆమె ఎడమ మడమ, దాని మీద నెలవంకలా పగులు. ఆ కాలు కొంచెం బయటికి తిరిగి పడేది. మన్ననూరు దాటి అడవిలోకి వచ్చాక రాగిణికి ఏడుపు ఆగలేదు. ముందున్న మనిషి వెనక్కి తిరగలేదు, ఏమైందని అడగలేదు. ఏడుపు వినిపించినంతసేపూ నడక నెమ్మది చేసింది. అమ్మ పోయాక రాగిణి కోసం ఎవరైనా అట్లా ఆగడం అదే మొదలు.

శ్రీశైలంలో మంచినీళ్ళు పట్టుకొచ్చేలోపు ఆమె జనంలో కలిసిపోయింది. అశోక్‌నగర్ అడ్డా మీద కూలికి నిలబడతామని ఎప్పుడో అన్న మాట ఒక్కటే మిగిలింది. ఆనాటి నుంచి రాగిణి నేరుగా దుకాణానికి పోవడం మానేసింది. రోజూ పొద్దున్నే అశోక్‌నగర్ చుట్టు తిరిగి, అడ్డా మీది ఆడవాళ్ళ కాళ్ళు చూసుకుంటూ పోయేది.

మళ్ళీ శివరాత్రి దగ్గరికొచ్చింది. “రేపటికల్లా వస్తవో రావో చెప్పక్కా, లెక్క కట్టాలె” అని గుంపు పెద్ద ప్రహ్లాద్ ఫోన్ చేశాడు. ఆ మడమ ముందు లేకుండా ఆ దారి ఆమె ఊహకే రాలేదు. ఆ రోజు అవే రబ్బరు చెప్పులు వేసుకుని వెళ్ళి, సిగ్గు విడిచి అడ్డా మీద అడిగేసింది.

“అన్నా, ఒకామెను దేవులాడుతున్న.”

“పేరేంది?”

“తెల్వదు.”

“మొఖం ఎట్లుంటది?”

“గుర్తు లేదన్నా. ఎడమ మడమ గుర్తుంది.”

అడ్డా అంతా గొల్లున నవ్వింది. “ఓ అక్కా, పోలీసోళ్ళు గూడ ఇట్ల పట్టరు! జర కాళ్ళు సూపియ్యుండ్రే అందరు!”

రాగిణి తల దించుకునే పగులు సంగతి, కాలు బయటికి పడే సంగతి చెప్పింది. అందరూ నవ్వుతున్నారు, ఒక్క ముసలాయన తప్ప. ఆయన బీడీ కింద పడేసి లేచాడు. పేరు ఈదయ్య.

“గా మడమ మా ఇంటామెదే” అన్నాడు. “నిరుడు శ్రీశైలం పోయొచ్చిన మర్నాడే మెట్ల మీదికెళ్ళి పడ్డది. అప్పటిసంది పనికి రాలే. రా బిడ్డా.”

రాంనగర్ వైపు బస్తీలో, రేకుల గది గడపలో ఆశమ్మ మోకాలికి గుడ్డ కట్టుకుని బియ్యం ఏరుతోంది. తలెత్తింది. రాగిణి ఆ ముఖాన్ని ఆత్రంగా చూసింది. కొత్త ముఖం.

“ఎవరమ్మా నువ్వు?”

“నిరుడు శ్రీశైలం... మీ ఎనక నడిచిన.”

“శానామంది నడుస్తరు బిడ్డా. నాకు యాదికి లేదు.”

ఏడాది వెతుకులాట ఒక్క మాటతో అయిపోయింది. రాగిణి దండం పెట్టి వెనుదిరిగింది. నాలుగు అడుగులు వేసిందో లేదో, వెనక చాట నేలకు తగిలిన చప్పుడు.

“ఆగు! నా చెప్పులేసుకొని ఏడ్సుకుంట నడిచిన మాతవు గాదు?”

రాగిణి పరుగున వచ్చి గడపలో కూలబడింది. “ఎట్ల తెలిసింది?”

“నీ మొఖం నేనెప్పుడు సూసిన? ఏడు దినాలు ఆ చెప్పు రాకుడు సప్పుడే ఇన్న. అది ఆగితే నువ్వాగినవని ఎరుక.” ఆశమ్మ ఆమె పాదం ఒళ్ళోకి లాక్కుని అరికాలు తడిమింది. “మానినయి తియ్. ఎప్పుడు పోతున్నరు?”

“నువ్వొస్తేనే పోత.”

“పిచ్చిదానా, ఈ మోకాలేస్కొని యాడికొస్త? డాక్టరు మెట్లే ఎక్కొద్దన్నడు.”

ఈదయ్య తెచ్చిన చాయ్ చల్లారింది.

“చెప్పులు ఇచ్చిపోదామని వచ్చిన” అంది రాగిణి చివరికి.

“నాకెందుకవి? ఏస్కొనిపో. కొత్త బూట్లు మాత్రం కొనకు.”

రాగిణి లేచింది. ఇరుకు సందు. ముందు ఎవరూ లేరు. కుడి చెప్పు నేలను రాసుకుంటూ పది అడుగులు వేసి, సందు మలుపు దగ్గర నిలబడింది. ఈసారి వెనక్కి తిరగకూడదనుకుంది. గడపలోంచి ఆశమ్మ గొంతు వచ్చింది.

“ఆగినవేంది మాతా? నడువు. నీ సప్పుడు ఇంటున్న.”