చి.గ. పద్దు

అద్దెకుండే కాలేజీ పిల్లలు సెలవులకు వెళ్ళిపోగానే పైఅంతస్తులోని ఐదు గదులూ నామీద పగబట్టినట్టు కనిపిస్తాయి. గోడల నిండా టేపు మరకలు, ఊడిన గడియలు, మంచాల కింద జత తప్పిన చెప్పులు. చదువుకునే ఆడపిల్లలు కదా, శుభ్రంగా ఉంటారని ఎవరన్నారో గానీ, ఆ అన్నవాళ్ళను తీసుకొచ్చి ఆ మూడు బాత్‌రూములూ కడిగించాలి.

కాలేజీ తెరిచేలోగా మరమ్మతులన్నీ అయిపోవాలి. దేనికెంత ఖర్చు పెట్టాలో రాసే పని పద్దెనిమిదేళ్ళూ మా ఆయనదే. ఆయన పోయి ఎనిమిది నెలలైంది. ఈసారి నోటుబుక్కు నేను పట్టుకున్నాను.

ఆయన రాత సంగతి చెప్పాలి. సిరా దండగని పూర్తి మాట ఏదీ రాసేవారు కాదు. 'సు.' అంటే సున్నం. 'పై.మా.' అంటే పైపుల మార్పు. 'చి.గ.' అంటే చిల్లర గండాలు. అలాగని ఆయన చెప్పలేదు, నేనే అనుకున్నాను. ప్రతి ఏడూ ఆ పద్దు కింద కొంత డబ్బు తీసి బీరువాలో ఒక కవర్లో పెట్టేవారు. పైన కుళాయి కారినా, ఫ్యాను మొరాయించినా నేను ఆ కవర్లోనే చెయ్యి పెట్టేదాన్ని. ఒకసారి మిక్సీ కూడా కొన్నాను. అదీ గండమే, రుబ్బీ రుబ్బీ నొప్పిపుట్టింది నా చేతికే కదా. ఏడాది తిరిగేసరికి కవరు ఖాళీ. "గండం గడిచిందా?" అని నవ్వేవారు ఆయన. నేనూ నవ్వేదాన్ని.

మేస్త్రీ వచ్చాడు. ఈ ఇంటి పని మొదటినుంచీ అతనే చూస్తున్నాడు. గోడలు తట్టి, బాత్‌రూముల్లో చెమ్మ చూసి పెదవి విరిచాడు.

"పైపులన్నీ మార్చాల్సిందేనమ్మా. అతుకులేస్తే లాభం లేదు."

"రాస్తున్నా. చిల్లర గండాలకెంత వెయ్యమంటావ్?"

"అదేంటమ్మా?"

నోటుబుక్కు తిప్పి పాత పేజీ చూపించాను. వేలు పెట్టి చదివి, నావైపు అదోలా చూశాడు.

"ఇది చివరి గది కదమ్మా. మీకోసం. అద్దెకివ్వడం మానేసి, వీధివైపు గోడ తీసి పెద్ద కిటికీ పెట్టించాలని అయ్యగారు ఏటా నాతో అంచనా వేయించేవారు. కొలతలు కూడా తీసుకున్నాం. డబ్బులు చాలినప్పుడు చెప్తాలే అనేవారు."

అక్కడే ఉన్న మంచం మీద కూర్చున్నాను.

ఇల్లు కట్టిన కొత్తలో ఒకే ఒక్కసారి అడిగాను, నాకంటూ ఓ గది కావాలని, తలుపేసుకుని కిటికీ దగ్గర కూర్చుంటానని. "అద్దె ఎవరిస్తారు, నువ్విస్తావా?" అన్నారు. ఇంకెప్పుడూ నోరెత్తలేదు. పైకి వెళ్ళినప్పుడల్లా మాత్రం ఆ చివరి గది ముందు ఓ నిమిషం ఆగేదాన్ని. ఆయన అది చూసి ఉంటారు. చూసి ఆయన డబ్బు పోగేస్తుంటే, ఆ డబ్బుతో నేను కుళాయిలు బిగించుకున్నాను. ఒక్కసారి నోరు తెరిచి "ఏమే, అది నీ గదే" అంటే ఏం పోయింది మనిషికి? మాటల్లో కూడా పొదుపే. కోపం వచ్చింది. ఏడుపూ వచ్చింది. మేస్త్రీ మర్యాదగా గోడవైపు తిరిగాడు.

"ఇప్పుడు చేయిస్తే?" అన్నాను.

"ఆ గది అద్దె పోతుంది. ఉన్న డబ్బుకి పైపులు రెండు బాత్‌రూములకే వస్తాయి."

"మూడోదానికి తాళం వేద్దాం. నువ్వు కిటికీ పెట్టు."

మర్నాడు రెండో గది అమ్మాయి ఫోన్ చేసింది. "ఆంటీ, మా ఫ్రెండుకి చివరి గది ఇస్తారా? ఎంతైనా ఇస్తుందట."

"ఆ గదిలో మనిషున్నారు."

"ఎవరాంటీ?"

"కాస్త చాదస్తం మనిషిలే. మీకు పడదు."

పది రోజుల్లో కిటికీ పూర్తయింది. ఆయన తీసుకున్న కొలతే. మధ్యాహ్నం తలుపేసుకుని, కుర్చీ లాక్కుని కూర్చున్నాను. వీధి చివరి వరకూ కనిపిస్తోంది. సైకిళ్ళు వెళ్తున్నాయి, ఎదురింటి మేడ మీద ఎవరో పరుపు దులుపుతున్నారు. బాగుంది. అరగంట గడిచింది. గంట గడిచింది.

ఈ గది నాకెందుకు కావాల్సి వచ్చిందో అప్పుడు గుర్తొచ్చింది. ఆయన ఐదు నిమిషాలకోసారి "ఎక్కడున్నావ్?" అని కేకేసేవారు. జేబురుమాలు కోసం, పేపరు కోసం, ఊరికే. ఆ కేక వినపడనట్టు ఓ పూట కూర్చోవాలని ఉండేది, అంతే. కింద ఆయన ఉండాలి, కేకెయ్యాలి, నేను పలక్కూడదు.

కింద ఇంట్లో చప్పుడు లేదు. చెవులు రిక్కించుకుని చాలాసేపు కూర్చున్నాను. చివరికి లేచి, తలుపు తీసి, మెట్ల దగ్గరికి వెళ్ళి గట్టిగా అన్నాను.

"పైనున్నానండీ."