పలుకుబడి సంఘం అభ్యంతరాలు

మెట్‌పల్లిలో పర్శరాములుకు రెండు పనులు. పొద్దంతా తన ప్రెస్సులో పెళ్లిపత్రికలు అచ్చువేస్తాడు, నెలకోసారి భావప్రకటనా స్వేచ్ఛ మీద ఉపన్యాసం ఇస్తాడు. మొదటి పనితో ఇల్లు గడుస్తుంది. రెండోది లేకపోతే ఆయనకు పూట గడవదు.

"పలుకుబడి రచయితల సంఘం" పుట్టిననాటి నుంచి ఆయనే అధ్యక్షుడు. ఎన్నికలు జరగవని కాదు, జరిగినప్పుడల్లా నిలబడేది ఆయనొక్కడే. "రచయిత కలానికి కళ్లెం వేసే మొనగాడు ఇంకా పుట్టలే!" అని ప్రతి మీటింగులోనూ బల్ల గుద్ది చెబుతాడు. ఆ మీటింగు జరిగేది ఆయన ప్రెస్సులోనే, చాయ్ వచ్చేది ఆయన ఇంటి నుంచే కాబట్టి అందరూ చప్పట్లు కొడతారు.

సంఘానికి ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. మొదట్లో దానికి ఒకటే నియమం, మంచిగా రాయాలని. తర్వాత ఒక సభ్యుడి మేనల్లుడు వార్డు మెంబరుగా గెలిచాడని రాజకీయాలు వద్దన్నారు. ఎవరో కవితలో అత్తను తిట్టారని ఒకావిడ అలిగితే అత్తలు పోయారు. గల్ఫ్ ఏజెంటు మీద రాసిన కథకు ఒకాయన బావమరిది నొచ్చుకుంటే ఏజెంట్లూ పోయారు. చివరికి మిగిలినవి వానా, వెన్నెలా. అందులో వానకు కూడా, కళ్లంలో పసుపు తడిసిన సభ్యులు ముఖం చిట్లిస్తూనే ఉన్నారు.

నియమాలు కాక ఒక ఆచారం కూడా ఉంది. గ్రూపులో ఎవరు ఏది పెట్టినా నిమిషం తిరగకముందే దండాలు, పూలగుత్తులు, "అద్భుతం"లు వచ్చి పడాలి. నాలుగు పేజీల కథ నిమిషంలో ఎట్లా చదివారని ఎవరూ ఎవరినీ అడగరు. నాది నువ్వు మెచ్చుకో, నీది నేను మెచ్చుకుంటాను, చదవడం గిదవడం తర్వాత చూసుకుందాం అన్నది అందరికీ తెలిసిన ఒప్పందం.

ఇట్లా హాయిగా నడుస్తున్న సంఘంలో మంజుల ఒక కథ పెట్టింది.

మంజుల మార్కెట్ యార్డు దగ్గర ఒక పసుపు దుకాణంలో కంప్యూటర్ ముందు పనిచేస్తుంది. సంఘంలో చేరి ఏడాది కూడా కాలేదు. మీటింగుకు వస్తుంది, వెనక కూర్చుంటుంది, చాయ్ తాగి వెళ్తుంది. సంఘం ఏటా వేసే సంచికకు కథలు పంపమంటే "మంచం కింద" అనే కథ గ్రూపులో పెట్టింది. "సార్, గీ కథ ఒక్కటి అచ్చయితె సాలు. తర్వాత నేను రాయకున్నా ఫికర్ లేదు," అని పర్శరాములుకు ఫోను చేసి మరీ చెప్పింది. అంతకు ముందు ఆమె ఏనాడూ ఏదీ అడగలేదు.

పర్శరాములు ఆచారం ప్రకారం ముందు రెండు పూలగుత్తులు పంపించాడు. సంచిక అచ్చువేసేది తనే కాబట్టి, తర్వాత తీరిగ్గా కథ తెరిచాడు. కథలో, చిన్న ఊళ్లో ఒక రచయిత. చేతి డబ్బులు పెట్టి పుస్తకం వేసుకుంటాడు. "అన్ని అమ్ముడువోయినయి, మల్ల అచ్చు వెయ్యమని ఒకటే పోరు," అని ఊరంతా చెప్పుకుంటాడు. కట్టలు మాత్రం ఆయన మంచం కిందనే ఉంటాయి. మంచం కోడు ఒకటి పుచ్చి విరిగిపోయినా మంచం కదలదు, ఎందుకంటే దాన్ని సాహిత్యం మోస్తోంది.

పర్శరాములు అక్కడ ఆగి ఫోను బోర్లించాడు. ఆ మంచం ఆయనదే. "కంకర మీద కన్నీళ్లు" అనే తన కవితల పుస్తకం గురించి ఆయన ఏ సభలో మాట్లాడినా రెండో ముద్రణ నడుస్తోందని చెబుతాడు. మొదటి ముద్రణ మీద ఆయన రోజూ పడుకుంటాడు.

నేరుగా ఇంటికి పోయి భార్య ఐలవ్వను నిలదీశాడు.

"మన మంచం సంగతి మంజులకు చెప్పినవా?"

"మంచానికి ఏమైంది?"

"కిందున్న కట్టల సంగతే!"

"గది చెప్పుకునే ముచ్చటనా?" అంది ఐలవ్వ. "పక్కింటోళ్లు అడిగితె సుత బియ్యం బస్తాలని చెప్పుకొస్తున్న. నీ ఇజ్జత్ కోసం అబద్ధాలాడి ఆడి నా నోరు నొస్తున్నది."

పర్శరాములుకు ఆ పూట అన్నం సయించలేదు. కథ తీసేద్దామంటే ఎందుకని అడుగుతారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు అవుతుంది. వేద్దామంటే ఊరంతా నవ్వుతుంది. ఇన్నేళ్లూ సంపాదించుకున్న పేరు కాస్తా ఒక మంచం కింద పడి నలిగిపోయేట్టుంది.

అంతలో ఫోన్లు మొదలయ్యాయి. ముందు హనుమండ్లు చేశాడు. ఆయన రిటైరైన తెలుగు పంతులు, పద్యాలు రాస్తాడు.

"అన్నా, మంజుల కథ జర చూసినవా? నాకైతె ఏం లేదు. మన బాలమల్లు నొచ్చుకుంటడేమోనని నా పరేషాన్. పాపం, గాయన పుస్తకాలు గూడ గట్లనే ఉన్నయట."

కాసేపటికి బాలమల్లు చేశాడు. దుబాయిలో పనిచేసి వచ్చిన మనిషి, ఎడారి మీద కవితలు రాస్తాడు.

"నాకేం బాధ లేదన్నా. హనుమండ్లు సార్ దిల్ నాజూకు. గాయన కోసమన్న గా కథ తీసెయ్యుండ్రి."

తర్వాత వినోద. బీమా ఏజెంటు, నవలా రచయిత్రి. "ఆడోళ్ల మంచాల మీద గిట్ల రాసుడు మంచిగున్నదా అన్నా?" అని నిష్ఠూరమాడింది. కథలో ఉన్నది మగవాడి మంచమని పర్శరాములు గుర్తు చేయలేదు. వీళ్ల పుస్తకాలన్నీ తన ప్రెస్సులో అచ్చయినవే కాబట్టి, ఎవరింట్లో మంచం ఎంత ఎత్తుందో ఆయనకు తెలుసు.

ఆయన రొట్టె విరిగి నేతిలో పడింది. ఇక తన పేరు ఎక్కడా రానక్కరలేదు. పదిమంది మనోభావాలు దెబ్బతిన్నాయంటే అధ్యక్షుడు మాత్రం ఏం చేస్తాడు? ఆ రాత్రి మంచమెక్కి కమ్మగా నిద్రపోయాడు.

ఆదివారం మీటింగుకు ఎన్నడూ రానివాళ్లు కూడా వచ్చారు. పర్శరాములు ముందుగా అలవాటు ప్రకారం కలం గురించీ కళ్లెం గురించీ మాట్లాడి, బల్ల గుద్ది, చప్పట్లు అయ్యాక గొంతు సవరించుకున్నాడు.

"కని స్వేచ్ఛకు గూడ ఒక హద్దుంటది. మన మంజుల కథ బహు గొప్పగున్నది. గంత గొప్పది గనుకనే సంచికల వెయ్యలేకపోతున్నం."

మంజుల తల ఎత్తి చూసింది.

హనుమండ్లు లేచి కొత్త నియమం ప్రతిపాదించాడు. "ఇగ నుంచి సభ్యుల ఇండ్లల్ల ఉన్న సామాన్ల మీద ఎవ్వలు రాయద్దు." "ముఖ్యంగ మంచాలు," అని బాలమల్లు అందుకున్నాడు. "మరి కుర్చీ మీద రాయొచ్చునా?" అని వెనక నుంచి ఎవరో అడిగారు. కుర్చీ అంటే అధ్యక్షుడి మీద అనుకుంటారని దాన్ని కూడా చేర్చారు. బీరువా సంగతి వచ్చేసరికి కాస్త వాదన జరిగింది.

అప్పుడు మంజుల లేచి నిలబడింది.

"తీసేస్తె తీసెయ్యుండ్రి సార్. కని గా కథ చివరికి ఏమైతదో ఎవ్వలన్న ఒక్కలు చెప్పుండ్రి. చెప్పినంక తీసేద్దురు."

చెప్పేవాళ్లుంటే కదా! హనుమండ్లు తన మంచం కనబడగానే ఆగిపోయాడు, బాలమల్లు తన మంచం దగ్గర, వినోద తన మంచం దగ్గర. నాలుగు పేజీల కథలో ఒక్కరూ రెండో పేజీ దాటలేదు.

"చివరికి గూడ... గట్లనే ఉంటది," అన్నాడు హనుమండ్లు.

"ఎట్ల సార్?"

హనుమండ్లు కళ్లద్దాలు తుడుచుకోవడంలో పడ్డాడు. పర్శరాములుకు అధ్యక్షుడిగా సిగ్గనిపించింది. "నేనే చదివి వినిపిస్త, తెండ్రి," అని మంజుల తెచ్చుకున్న కథ కాగితాలు చేతికి తీసుకున్నాడు. ఆయనది మంచి గొంతు. చదివేసి, రెండు మంచి మాటలు చెప్పి, విచారంగా కథ పక్కన పెడదామనుకున్నాడు.

చివరి పేజీలో ఆ రచయిత చనిపోతాడు. కూతురు ఇల్లు సర్దుతూ మంచం జరిపి కట్టలు బయటికి లాగుతుంది. తాళ్లను ఎలుకలు కొరికేశాయి. ఒక పుస్తకం తీసి కిందనే కూర్చుని చదవడం మొదలుపెడుతుంది. పొయ్యి మీద అన్నం మాడుతున్నా లేవదు. ఆ పుస్తకంలో వాళ్ల గల్లీ ఉంది, అవ్వ ఉంది, జ్వరంతో కాలిపోతున్న చిన్నపిల్లను భుజాన వేసుకుని దవాఖానకు నడిచిన తండ్రి ఉన్నాడు. ఆ పిల్ల తనే. బాపు ఏనాడూ నోటితో చెప్పని ప్రేమంతా అక్కడ అచ్చులో ఉంది.

వినోద కొంగుతో కళ్లు ఒత్తుకుంది. బాలమల్లు నేల చూపులు చూస్తున్నాడు. పర్శరాములు ఉత్సాహంగా, కూతురు మాట్లాడే ఆఖరి పేరాలోకి దిగాడు.

"అమ్ముడుపోలేదని బాపుకు బాధ లేకపోలేదు. కానీ నేను అడిగినప్పుడల్లా ముందుమాట తీసి చూపించేవాడు. 'గీ పెద్దమనిషి నా పుస్తకం చదువుతుంటె కళ్లు చెమర్చినయని రాసిండు సూడు. ఒక్కని కళ్లు తడిసినా సాలు బిడ్డా. తక్కినయి మంచం కిందుంటె ఏమాయె!' అనేవాడు."

కళ్లు చెమర్చాయి అన్న దగ్గర పర్శరాములు కాగితం దించి నీళ్ల గ్లాసు అందుకున్నాడు. ఆ వాక్యం ఆయనదే. ప్రెస్సుకు పుస్తకం తెచ్చిన వాళ్లందరికీ ఆయన ముందుమాట ఊరికే రాసిచ్చేవాడు. అన్నిటికీ చివరి వాక్యం ఒకటే, "చదువుతుంటే నా కళ్లు చెమర్చాయి" అని. ఒక గుక్క నీళ్లు తాగి ఎట్లాగో కథ పూర్తి చేశాడు.

తర్వాత హనుమండ్లు నెమ్మదిగా అన్నాడు, "గిది నా కథనే. నా బిడ్డ గూడ నా పద్యాలు ఒకనాడు గిట్లనే చదువుతది, సూడుండ్రి."

"నీదెట్ల అయితది సార్? నీది నవారు మంచం," అని బాలమల్లు అడ్డం తగిలాడు. "కథల ఉన్నది చెక్క మంచం. నాదే చెక్కది. కట్టలు గూడ నా కిందనే ఎక్కువున్నయి."

"ఎక్కువేంది? నా మంచం కింద చీపురు సుత పట్టది," అంది వినోద.

పొద్దున దాకా దాచుకున్నవాళ్లు ఇప్పుడు నావి ఎక్కువంటే నావి ఎక్కువని కొట్లాటకు దిగారు. కొత్త నియమం సంగతి ఎవరికీ గుర్తులేదు. కథ వేయాల్సిందేనని చప్పట్లతో తీర్మానమైపోయింది. ఇంతకూ ఎవరి కథ అని నిలదీస్తే, "మా బాపుది," అంది మంజుల. "ముత్యం అని, మరమగ్గాల మీద పనిచేసెటోడు. గీ ప్రెస్సులనే పుస్తకం వేయించిండు." అందరూ "అట్లనా" అన్నారు. తమది కానందుకు కొద్దిగా నొచ్చుకున్నట్టే కనిపించారు.

అందరూ వెళ్లిపోయాక మంజుల కథ కాగితాల కోసం బల్ల దగ్గరికి వచ్చింది. పర్శరాములు వాటిని చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు. జుట్టుకు దూది నూగు అంటుకుని, కూర్చోమన్నా కూర్చోకుండా గుమ్మం దగ్గరే నిలబడ్డ ఒక మనిషి ఆయనకు లీలగా గుర్తుకొస్తున్నాడు. ఆ మనిషి రాసిన పుస్తకం మాత్రం ఎంత తవ్వినా గుర్తు రావడం లేదు. టైపు చేసింది అప్పటి ఆపరేటరు. తను ముందుమాట రాసిచ్చాడు, అంతే.

"మంజులా, మీ బాపు పుస్తకం నేను చదవలే బిడ్డా."

"ఎరికే సార్," అంది మంజుల. "బాపుకు గూడ ఎరికే."

"ఎట్ల?"

"బాపు రాసినయి కథలు సార్. మీరు ముందుమాటల పద్యాలు మస్తుగున్నయని రాసిండ్రు."

పర్శరాములుకు తల ఎత్తబుద్ధి కాలేదు. "చూసి ఏమన్నడు మీ బాపు?"

"మొదలు నవ్విండు. తర్వాత పుస్తకం ఒళ్లె పెట్టుకోని శానసేపు కూసున్నడు. అవ్వ పిలిచినా తిననీకి రాలే."

"ఒక్కని కళ్లు తడిసినా సాలని అన్న మాట?"

"గది బాపు అననేలే. నేను కల్పించిన."

"మరి అయింది అయినట్టు ఎందుకు రాయలే?"

"రాసిన సార్. మల్ల నేనే కొట్టేసిన. పెద్దమనుషులు మీరు, మీకు కష్టమనిపిస్తదని."

సంఘం ఇన్నేళ్లుగా పోగేసిన నియమాల్లో ఒక్కటి కూడా ఆ అమ్మాయి చేత ఒక్క వాక్యం కొట్టేయించలేకపోయింది. కొట్టేయించింది ఆయన మీద జాలి. అది తెలిసేసరికి పర్శరాములుకు సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది, ఆ అమ్మాయి మీద చెప్పలేనంత ఆపేక్ష కూడా కలిగింది. లేచి కంప్యూటర్ ముందు కూర్చుని, కథ తెరిచి, చివరి పేరా దగ్గర ఆగాడు.

"చెప్పు బిడ్డా. కొట్టేసింది మల్ల పెడదాం."

"వద్దు సార్. అందరు చదువుతరు."

"ఈసారి చదువుతరు. చివరిదాక చదువుతరు. చెప్పు."

మంజుల చాలాసేపు ఆయన ముఖంలోకి చూసింది. "మీకు అభ్యంతరం లేదా సార్?"

"ఉన్నది బిడ్డా," అన్నాడు పర్శరాములు. "పెట్టు."