రెండో కంచం

ఈపూట కూడా పెద్దింటమ్మగారు అన్నం ముట్టలేదు. నా చేత రెండో కంచంలో వడ్డింపించి, మూత పెట్టించి, గుమ్మంకేసి చూస్తూ కూర్చున్నారు. "ఆయన చెరువు మీంచి రాకుండా నేనెప్పుడు తిన్నానమ్మా?" అంటారు. చేపల చెరువు కాపలాకి ఇంకా పనికొస్తాడని మొగుణ్ణి కొల్లేటి గట్టునే ఉంచుకుని, తుంటి విరిగిన ఈవిడని తాడేపల్లిగూడెంలో మా వృద్ధాశ్రమంలో చేర్పించాడు కొడుకు రాంబాబు. ఆ మొగుడు పోయి నెలైంది. ఆ సంగతి ఆవిడకి తప్ప మా అందరికీ తెలుసు.

"చెప్పకండి. ఏడిస్తే ఎవరు ఊరుకోబెడతారండీ?" అన్నాడు రాంబాబు. కర్మ చేసి, గుండుతో చూడ్డానికొచ్చి, తిరపతి వెళ్ళొచ్చానమ్మా అని చెప్పి వెళ్ళాడు. అప్పట్నించీ ఆవిడ సరిగ్గా తినకపోతే మేనేజరు ప్రసాదరావుగారు రిజిస్టరులో 'మొండితనం' అని రాయించి, నిద్రమాత్ర మొదలుపెట్టించారు. బీపీకి డాక్టరున్నాడు, షుగరుకి డాక్టరున్నాడు. మనసు చూసే డాక్టర్ని కూడా పిలిపించండి అన్నాను. "ఈ వయసులో మనసేంటి నాగదుర్గా? నీ పని నువ్వు చూసుకో" అన్నారు. ఒళ్ళు మండింది.

నా పనంటే పక్కలు మార్చడం, ఒళ్ళు తుడవడం, తినిపించడం. ఇంటికెళ్తే మంచంలో ఉన్న మామగారికి మళ్ళీ అదే పని, జీతం లేకుండా. మా అమ్మ పోయి పన్నెండు రోజులు కాకుండానే, "దీపాలవేళ ఇంట్లో ఏడుపేంటే?" అన్నారు అత్తగారు. మా ఆయన టీవీ సౌండు పెంచారు. వంటింట్లో కుళాయి తిప్పుకుని ఏడుద్దామని వెళ్తే అప్పటికి ఏడుపు ఎక్కడో ఆగిపోయింది. మూడేళ్ళయినా మళ్ళీ రాలేదు.

మాత్ర వెయ్యడానికి ఆవిడ పక్కన కూర్చున్నాను. వెయ్యలేకపోయాను. ఉద్యోగం పోతే పోనీ అనుకుని, మాత్ర కొంగున ముడేసి ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

"మామ్మగారూ, తాతగారు ఇంక రారండీ. పోయి నెలైందండీ."

ఆవిడ ఉలిక్కిపడలేదు. రెండో కంచం మీద మూత తీసి, చల్లారిన అన్నంకేసి చూశారు.

"తెలుసమ్మా. తిరపతి వెళ్ళినోడు అమ్మకి లడ్డూ తేకుండా వస్తాడా? ఎవరూ చెప్పకుండా ఏడిస్తే పిచ్చిదంటారు. ఎవరో ఒకళ్ళు చెబుతారని చూస్తన్నాను."

ఆవిడకంటే ముందు నేనే భోరుమన్నాను.